చదివినట్టు ఒక్క ముక్క

జనవరి 6

పెద్దమ్మకు,

నీ కబుర్లపోగు రాస్తున్నది. ఫోన్ చేస్తే "ఆఁ, బాగున్నా, తిన్నావా, సరే పెట్టేయ్" అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తావు. కాగితం మీదైతే నాలుగు పేజీలు రాస్తావు. అందుకని ఈ హాస్టల్ మొత్తంలో స్టాంపులు కొనేదాన్ని నేనొక్కదాన్నే అయినా, మన ఒప్పందం మనదే. నా గదిలో ఉండే పిల్ల నేను కవరు అంటిస్తుంటే మ్యూజియంలో బొమ్మను చూసినట్టు చూస్తోంది.

పబ్లిక్ రిలేషన్స్ అంటే ఏం చదువే అని నువ్వు అడిగినప్పుడల్లా నీళ్ళు నముల్తాను. ఈసారి మా సార్ చెప్పిన మాటే రాస్తాను. ఒక సంస్థకూ జనానికీ మధ్య మాట చెడకుండా చూసుకునే పని అట. వినడానికి బాగానే ఉంది కదా. చెయ్యడం మొదలుపెట్టాక తెలుస్తోంది. పొద్దున కళ్ళు నులుముకుంటూనే ఐదు యాప్‌లు తెరవాలి. ఒకదాంట్లో ఫొటోలు, ఒకదాంట్లో అర నిమిషం వీడియోలు, ఒకదాంట్లో ఒట్టి తగువులు. పోయిన వారం అందరూ నవ్విన జోకు ఈ వారం వేస్తే మనల్ని చూసి నవ్వుతారు. సార్ క్లాసులోకి రాగానే ఎవరో ఒకరిని లేపి, "నిన్న సాయంత్రం జనం దేని గురించి మాట్లాడుకున్నారు?" అని అడుగుతారు. సోమవారం నన్ను లేపారు. ఆ సాయంత్రం నేను బట్టలు ఉతుక్కున్నాను. ఆ మాటే చెప్పాను. క్లాసంతా నవ్వింది, ఆయన మాత్రం నవ్వలేదు. అప్పటినుంచి కంచం ముందు కూర్చుని కూడా ఫోన్‌లోనే కళ్ళు. ఏం తిన్నానో గుర్తుండటం లేదు.

ఇక నీ సంగతి. మన ఇంటి వెనక కొత్తగా వచ్చిన షెడ్డు వాళ్ళ మీద అర్జీ పట్టుకుని, నువ్వూ కింది వాటా లెక్కల మాస్టారూ మున్సిపల్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నారని రాశావు. ఎందుకీ తిప్పలు? ఇప్పుడు కాగితాలు చదివేవాళ్ళు లేరు పెద్దమ్మా. ఏ కంపెనీకైనా ఒక పేజీ ఉంటుంది. దాని కింద నాలుగు మాటలు రాస్తే వెయ్యిమంది చూస్తారు. వెయ్యిమంది చూస్తున్నారన్న భయంతోనైనా వాళ్ళు గంటలో జవాబివ్వాలి. మాకు నేర్పే మొదటి పాఠమే అది. నువ్వు దిగులు పెట్టుకోకు, నేనున్నానుగా.

నీ
కబుర్లపోగు


జనవరి 13

కబుర్లపోగుకి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం మాస్టారికీ, రెండో అంతస్తు నర్సమ్మకీ మెట్ల మీద కూర్చోబెట్టి మరీ చదివి వినిపించాను. బట్టలు ఉతుక్కున్నానన్న చోట నర్సమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మాస్టారు మాత్రం "ఆ అమ్మాయి చెప్పిన పాయింటు బాగుంది" అన్నారు. ఆయన ఎవరినైనా మెచ్చుకోగా వినడం ఇదే మొదలు. ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దిన మనిషి, ఎదుటివాడి మాటలో కూడా తప్పు ఎక్కడుందా అని చూస్తాడు.

షెడ్డు గురించి నీకు సరిగ్గా చెప్పలేదు. నువ్వు వెళ్ళిన తర్వాత వచ్చింది. వెనక కలప డిపో ఉండేదే, ఆ స్థలమే. రేకుల గోడ మన వెనక కిటికీకి పది అడుగుల దూరం. బోర్డు అటు వీధివైపు ఉంది, నేనెప్పుడూ చూడలేదు. లారీలు వస్తాయి, తలుపు తీస్తే తెల్లగా చలి బయటికి వస్తుంది, ఎంతసేపూ గుర్రుమని ఒక మోత. లోపల ఏం దాస్తారో, ఎలా దాస్తారో ఎవరికీ తెలియదు. ఘాటైన వాసన వస్తోందని మెట్ల మీద అందరూ అంటున్నారు. ఆ జ్వరం తర్వాత నా ముక్కు మొహానికి అలంకారమే కదా, వాళ్ళు అంటే నేను తల ఊపుతాను. నాకు తెలిసేదల్లా కళ్ళు. మధ్యాహ్నం కిటికీ దగ్గర మిషన్ ముందు కూర్చుంటే ధారగా నీళ్ళు. స్కూలు చొక్కాలు ముప్పై కుట్టాలి, సూదిలో దారం ఎక్కించడానికి ఐదుసార్లు పడుతోంది. వయసు అనుకున్నాను. మాస్టారు కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఆయనకీ వయసే అనుకో.

నువ్వు చెప్పినట్టే చేస్తాను. నర్సమ్మ దగ్గర పాత ఫోన్ ఒకటి పడి ఉందట, ఇస్తానంది. అర్జీ మీద ఇరవై రెండు వాటాల సంతకాలు అయ్యాయి. అది మాస్టారి సంచిలో ఉంది, ఉండనీ.

ఫోన్ కాదుగా ఇది, అందిందో లేదో తెలిసిచావదు. చదివినట్టు ఒక్క ముక్క రాయి.

పెద్దమ్మ


జనవరి 20

పెద్దమ్మకు,

చదివాను, చదివాను, చదివాను. మూడు ముక్కలు రాశాను, చాలా?

నాకు పెద్ద అవకాశం వచ్చింది. ఈ సెమిస్టర్‌లో ఒక్కొక్కరికీ ఒక అసలు కంపెనీ పేజీ అప్పగించారు. నాది ఆరు ఊళ్ళలో గోడౌన్లున్న కంపెనీ. పేరు ఎవరికీ చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, కాబట్టి నీకు కూడా చెప్పను, బతిమాలకు. బాగా చేస్తే చదువు అవ్వగానే అక్కడే ఉద్యోగం. మా బ్యాచ్‌లో ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

పనేమిటంటే, రోజూ పేజీ కింద జనం రాసినవన్నీ చూసి పుస్తకంలో మూడు గడుల్లో ఎక్కించాలి. పొగడ్త, ప్రశ్న, తిట్టు. పొగడ్తకు దండం బొమ్మ. ప్రశ్నకు గంటలో జవాబు. తిట్టుకు మాత్రం సార్ వేరే పద్ధతి నేర్పారు. చెరిపేస్తే రాసినవాడికి తెలిసిపోయి ఇంకా రెచ్చిపోతాడు. అందుకని దాచాలి. దాచడమంటే, రాసినవాడు తెరిచి చూస్తే వాడి మాట అక్కడే ఉంటుంది. ఇంకెవరికీ కనబడదు. వాడు లోకమంతా చదివిందనుకుని ఇంటికి పోతాడు. తెలివి అంటే ఇదీ అని క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఇంకో సంగతి. ఫొటో ఉండదు, స్నేహితులు ఉండరు, పోయిన వారమే పుట్టిన ఖాతా. బొమ్మ ఉండాల్సిన చోట బూడిద రంగు తల ఒకటే ఉంటుంది. వాటిని మేం బూడిద తలలు అంటాం. అవతలి కంపెనీ వాళ్ళు మనిషిని పెట్టి రాయిస్తారట. బూడిద తల కనబడితే చదవనక్కర్లేదు, దాచేయడమే అన్నారు సార్. రోజుకు నాలుగొందల కామెంట్లు చూసేదానికి ఆ ఒక్క మాట ఎంత ఊరటో నీకు తెలియదు.

కళ్ళకు డాక్టరు దగ్గరికి వెళ్ళు. అద్దాలు మార్చి నాలుగేళ్ళయింది, నాకు లెక్క ఉంది.

నీ
కబుర్లపోగు


జనవరి 28

కబుర్లపోగుకి,

నేనూ మీ లోకంలోకి దిగాను. నర్సమ్మ పక్కన కూర్చుని ఖాతా తెరిచింది. ఫొటో పెట్టమంది, ఈ మొహం ఎవరు చూడాలని వద్దన్నాను. పేరు ఏం పెట్టామో నీకు చెప్పను. నువ్వు నీ కంపెనీ పేరు చెప్పవుగా, ఇదీ అంతే. పదేళ్ళనుంచి నా రాత చదువుతున్నావు. ఎక్కడ కనబడినా గుర్తుపట్టు చూద్దాం.

షెడ్డు కంపెనీ పేరు లారీ మీద ఉంటే నర్సమ్మ చూసి చెప్పింది. వాళ్ళ పేజీలో రాశాను. మర్యాదగానే రాశాను, గొడవ పెట్టుకునే మాటలేం లేవు. వాసన వస్తోంది, పిల్లలు దగ్గుతున్నారు, ఒకసారి వచ్చి చూడండి, చూసి మీరే చెప్పండి అని. గంట అన్నావు. గడియారం ముందు పెట్టుకుని చొక్కా కాలర్లు కుట్టాను. ఎనిమిది కాలర్లు అయ్యాయి. ఉలుకూ లేదు పలుకూ లేదు. మర్నాడు మళ్ళీ రాశాను. నా రాత మాత్రం అక్కడే భద్రంగా ఉంది, ఎప్పుడు తెరిచినా కనబడుతోంది. మీ వెయ్యిమందీ చూసే ఉంటారు. చూసి ఒక్కరైనా ఏమిటమ్మా అని అడగరేమే?

ఇంకొకటి. వెనక కిటికీ ఇత్తడి గడియ ఉంది చూడు, నువ్వు చిన్నప్పుడు దాన్ని పట్టుకుని వేళ్ళాడేదానివి. అది ఉన్నట్టుండి నీలంగా మారింది. చింతపండు పెట్టి తోమాను, మూడో రోజుకి మళ్ళీ నీలం. మాస్టారు వచ్చి దాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే నాకు భయం.

చదివినట్టు ఒక్క ముక్క రాయి.

పెద్దమ్మ


ఫిబ్రవరి 5

పెద్దమ్మకు,

దొరికిపోయావు. నా సొంత పేజీలో నేను ఏది పెట్టినా కింద మందారపువ్వు పెట్టి "చాలా బాగుంది" అనే ఆవిడ నువ్వే. ఖాతా పేరు పూలసజ్జ. నిన్న నేను నీకు ముద్దు బొమ్మ కూడా పెట్టాను. ఇంక నటించకు.

తొందరలో రాస్తున్నాను, ఏమనుకోకు. యాప్ ఒకటి మొత్తం మార్చేశారు, నేర్చుకున్నదంతా మళ్ళీ మొదటినుంచి. మా గదిలో పిల్ల నాలుగు యాప్‌లలో ముందుంది, నేను ఐదింటిలోనూ వెనకబడ్డాను. సార్ మాత్రం నా పేజీని క్లాసులో తెర మీద వేసి చూపించారు. "మచ్చ లేదు చూడండి" అన్నారు. ఒక బూడిద తల ఉంది, నాలుగు సార్లు వచ్చి ఒకటే పాట, వాసన వాసన అని. మొదటి ముక్క చూడగానే దాచేస్తున్నాను. కంపెనీ వాళ్ళు కూడా సంతోషంగా ఉన్నారట.

నీ షెడ్డు వాళ్ళు జవాబివ్వలేదా? వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు ఒట్టి సోమరిపోతులు. వదలకు. రోజుకొకటి రాయి. రోజూ రాస్తే ఎవరైనా దిగి రావలసిందే. అర్జీలు, ఆఫీసులు అంటూ ఎండలో మాస్టారిని తిప్పకు, ఆయన మోకాళ్ళు అసలే అంతంతమాత్రం. గుండెల మీద చెయ్యేసుకుని హాయిగా ఉండు. నేనున్నానుగా.

కళ్ళ డాక్టరు ఏమన్నాడు?

క.పో.


ఫిబ్రవరి 12

కబుర్లపోగుకి,

ఆ పూలసజ్జ నేను కాదు. నాకు పువ్వు బొమ్మ పెట్టడం ఎలాగో కూడా తెలియదు. ఎవరికి ముద్దులు పెడుతున్నావో ముందు చూసుకో.

నువ్వు చెప్పావని రోజుకొకటి రాస్తున్నాను. స్కూల్లో కాపీ రాసినట్టుంది. పొద్దున టీ తాగి, ఫోన్ తీసి, రాసి, అప్పుడు మిషన్ మీద కూర్చుంటున్నాను. నిన్న నర్సమ్మకు ఒక అనుమానం వచ్చింది. తన ఫోన్‌లో ఆ పేజీ తెరిస్తే నా రాతలు ఒక్కటీ లేవట. పొగడ్తలే ఉన్నాయట. నా ఫోన్‌లో చూపించాను, అన్నీ ఉన్నాయి. ఆమె ఫోన్‌లో లేవు. నీ ఫోనే పాడైందమ్మా అన్నాను. ఆమె సరేనని వెళ్ళింది కానీ మొహం అదోలా పెట్టింది. దీని సంగతేమిటో నువ్వు చెప్పాలి. ఇది నీ చదువే కదా.

మాస్టారు అర్జీ పట్టుకుని పెద్ద ఆఫీసుకే వెళ్తానని చెప్పులు వేసుకున్నాడు. నేనే ఆపాను. వెయ్యిమంది చదువుతున్నారు, మా పిల్ల అదే చదువు చదువుతోంది, రేపో మాపో జవాబు వస్తుంది అన్నాను. చెప్పులు విప్పేశాడు. నా మాట మీద ఇరవై రెండు వాటాలూ ఆగాయి. అందుకే నాకు గుబులుగా ఉంది.

వెనక బాల్కనీలో కుండీల్లో ఆకుల అంచులు మాడినట్టు నల్లబడ్డాయి. నీళ్ళు పోస్తూనే ఉన్నాను. షెడ్డు కప్పు మీద పావురాలు వాలడం మానేశాయి. వాళ్ళ కాపలాదారు నాలుగు రోజులుగా మూతికి తడిగుడ్డ కట్టుకుని కూర్చుంటున్నాడు. ఏమిటయ్యా అని అడిగితే జలుబు అన్నాడు. ఇవాళ కుర్చీ కూడా వీధి మలుపు దాకా జరుపుకున్నాడు. జలుబు చేస్తే కుర్చీ ఎందుకు జరుపుకుంటారే?

అడిగినదానికి జవాబు లేకపోతే మనిషికి ఎలా ఉంటుందో ఈ వయసులో నేర్చుకుంటున్నాను. చదివినట్టు ఒక్క ముక్క రాయడానికి ఏం పోతుంది?

పెద్దమ్మ


ఫిబ్రవరి 19

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చివర చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను జవాబు రాయకుండా ఎప్పుడున్నాను? వారం ఆలస్యమైతే ఇంత మాట అంటావా? ఇక్కడ నా పరిస్థితి నీకు తెలియదు. నిద్ర లేచేసరికి ఫోన్‌లో మూడొందలు ఉంటాయి, అవి తేల్చేసరికి ఇంకో మూడొందలు. కాస్త కన్ను పక్కకు తిప్పితే లోకం నన్ను వదిలేసి వెళ్ళిపోతుందేమో అన్నట్టుంది. ఆ బూడిద తల ఒకటి రోజూ ప్రాణం తీస్తుంటే, అది రాసేవన్నీ వాటంతటవే దాగిపోయేలా మీట నొక్కేశాను. ఇప్పుడు అది నాకు కూడా కనబడదు.

మంచి మాట ఒకటి చెప్తాను. కంపెనీ వాళ్ళు ఒక ప్రకటన రాసి ఉంచమన్నారు. ఏదైనా జరిగితే పది నిమిషాల్లో పేజీలో పెట్టడానికట. ఏం జరిగితే అని అడిగాను. "ఏదైనా" అన్నారు. ప్రతి కంపెనీ రాయించి పెట్టుకుంటుందని సార్ చెప్పారు. మూడుసార్లు రాశాను, గవర్నమెంటు నోటీసులా ఉందని మూడుసార్లూ కొట్టేశారు. నాలుగోసారి కళ్ళు మూసుకుని, నీకు ఉత్తరం రాస్తున్నాననుకుని రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఉద్యోగం ఖాయమైనట్టే అని సార్ అన్నారు. నీకే మొదట చెప్తున్నాను.

కుండీలకు నీళ్ళు ఎక్కువైనా ఆకులు మాడతాయి. కళ్ళ డాక్టరు సంగతి ఈసారైనా రాయి.

నీ
కబుర్లపోగు


ఫిబ్రవరి 24, పొద్దున

నా కబుర్లపోగుకి,

నీ ఉత్తరం నిన్న అందింది. పిచ్చిదానా, ఆ మాట నిన్ను అనలేదు. ఆ షెడ్డు వాళ్ళను అన్నాను. నువ్వు నీ మీద వేసుకున్నావు.

ఇప్పుడు గడియారంలో ఎనిమిదిన్నర. పొద్దున ఏడింటికి షెడ్డులో ఏదో పగిలిన చప్పుడైంది. ఆ తర్వాత ఈల లాంటి మోత, ఇంకా వస్తూనే ఉంది. కాపలాదారు కనబడలేదు, కుర్చీ ఒకటే ఉంది. మెట్ల మీద ఒకటే హడావుడి. పిల్లల్ని ఎత్తుకుని, సంచులు సర్దుకుని, వీధి చివర స్కూలు దగ్గరికి పోదామని అందరూ దిగిపోయారు. నేనూ మిషన్‌కు గుడ్డ కప్పి, తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మాస్టారు అర్జీ సంచి భుజాన వేసుకుని నా కోసం కింద ఆగాడు.

అప్పుడు ఫోన్ మోగింది. నెల రోజులుగా ఎదురుచూస్తే ఇప్పటికి జవాబు వచ్చింది. "ఇరుగుపొరుగు వాళ్ళంటే మాకు ఇంటివాళ్ళే. చిన్న మరమ్మతు జరుగుతోంది, అంతే. ఎవరూ ఇల్లు వదిలి వెళ్ళనక్కర్లేదు. కిటికీలు వేసుకుని, గుండెల మీద చెయ్యేసుకుని హాయిగా ఉండండి. దిగులు పెట్టుకోకండి, మేమున్నాంగా." నర్సమ్మ ఫోన్‌లో కూడా కనబడింది ఈసారి.

గుండెల మీద చెయ్యి అన్న దగ్గరే తెలిసిపోయింది నాకు. ఇది కంపెనీ రాత కాదు, నా పిల్ల రాత. ఆరు ఊళ్ళలో గోడౌన్లు అన్నావు, అందులో ఒకటి నా కిటికీ వెనకే ఉందని నాకేం తెలుసు? నువ్వు నన్ను గుర్తుపట్టలేకపోయావు కానీ, నేను నిన్ను పట్టేశాను చూశావా. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మెట్ల మీద నిలబడి గట్టిగా చదివి వినిపించాను. ఇది మా అమ్మాయి రాసింది, అది అబద్ధం చెప్పదు, పైకి రండి అన్నాను. వీధి మలుపు దాకా వెళ్ళినవాళ్ళను కూడా కేకేసి పిలిచాను. వచ్చారు. మాస్టారు కింద తన గదిలోకి వెళ్ళి కిటికీ వేసుకున్నాడు. కాఫీ పంపుతానని చెప్పాను.

నర్సమ్మ ఆసుపత్రి డ్యూటీకి పోతూ ఇది పోస్టు డబ్బాలో వేస్తానంది, కింద నిలబడి తొందరపెడుతోంది. చాలా దగ్గుతోంది పాపం. ఆ పేజీలో కూడా నీకు ఒక మాట రాశాను, నువ్వు చూస్తూ ఉంటావుగా.

కళ్ళు మండి అక్షరాలు కలిసిపోతున్నాయి. చదివినట్టు ఒక్క ముక్క రాయి.

పెద్దమ్మ


మార్చి 3

పెద్దమ్మా,

చదివాను.

నువ్వు ఇరవై నాలుగున రాసింది ఇవాళ మధ్యాహ్నం నా చేతికొచ్చింది. హాస్టల్‌కు వెళ్తే అక్కడినుంచి మా గదిలో పిల్ల పట్టుకొచ్చింది. నేను వారం నుంచి నీ వార్డు బయట బల్ల మీదే ఉన్నాను. నీ కళ్ళకు కట్టు ఉంది. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమంటున్నారు. నువ్వు అడిగేవన్నీ నర్సమ్మను అడుగుతున్నావు, నన్ను ఒక్కటీ అడగడం లేదు. నా అడుగుల చప్పుడు నీకు తెలుసు. నేను రాగానే మొహం గోడవైపు తిప్పుకుంటున్నావు. కాగితం మీదైతే చెప్పగలను, అందుకే ఇది రాస్తున్నాను. రేపు పొద్దున నీ పక్కన కూర్చుని చదువుతాను.

ఆ రోజు ఏడూ ముప్పావుకు సార్ ఫోన్ చేసి, ఇప్పుడు పెట్టేయ్ అన్నారు. ఎక్కడ ఏం జరిగిందో అడగలేదు. పది నిమిషాల్లో పెట్టమంటే ఆరు నిమిషాల్లో పెట్టాను. నొక్కింది నేనే. తర్వాత రెండు గంటలు పొగడ్తలకు దండం బొమ్మలు పెట్టాను. పదిన్నరకు రిపోర్టు కోసం దాచినవాటి జాబితా తెరిచాను. బూడిద తల ఖాతా, పేరు "కిటికీ పక్కన". మొత్తం పదిహేడు. మొట్టమొదటిసారి పూర్తిగా చదివాను. ఆఖరిది తప్ప అన్నింటి చివరా ఒకే మాట ఉంది. చదివినట్టు ఒక్క ముక్క రాయండి.

చిట్టచివరిది ఆ రోజు ఎనిమిది గంటలకు రాసింది. "ఇది మా కబుర్లపోగు రాత. నీ మాట మీద అందరినీ వెనక్కి పిలిచాను. ఇక నాకు దిగులు లేదు." నీకు ఫోన్ చేస్తూనే బస్సెక్కాను. మోగుతూనే ఉంది. పేజీలో దాచినవన్నీ బయటపెట్టాను, అందరూ పారిపోండని రాశాను. అప్పటికి పదకొండు కావస్తోంది. షెడ్డులో చలి కోసం వాడే అమ్మోనియా గ్యాసు గొట్టం పూర్తిగా తెగింది తొమ్మిదింటికట.

మాస్టారు పోయారని నీకు తెలుసు. వాసన తెలిసినవాళ్ళెవరూ కింది వాటాకు దిగలేకపోయారు. నీకు తెలియదు కాబట్టి కాఫీ గ్లాసు పట్టుకుని దిగావు. ఆయన్ను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చావని పై వాటా వాళ్ళు చెప్పారు. ఆయన సంచిలో అర్జీ చెక్కు చెదరకుండా ఉంది. మన పై అంతస్తుల వాళ్ళు తొమ్మిదిమంది ఇంకా ఈ ఆసుపత్రిలోనే ఉన్నారు, అందులో ముగ్గురు పిల్లలు. నువ్వు పిలిచావని వచ్చినవాళ్ళు. నువ్వు పిలిచింది నేను రాశానని.

ఇక అసలు సంగతి. నాకు తెలియదని అనను. వాసన అని రాసి ఉంది కాబట్టి నువ్వు కాదనుకున్నాను, నీకు వాసన తెలియదు కదా. అది నాకు నేను చెప్పుకున్న సాకు. నర్సమ్మ ఫోన్‌లో కనబడలేదని నువ్వు రాసినప్పుడు, ఎవరో దాచారని నాకు వెంటనే తెలిసింది. అలా దాచడం నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ షెడ్డు కంపెనీ పేరేమిటి అని ఒక్క ప్రశ్న నేను నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు చెప్పేదానివి. అందుకే అడగలేదేమో. ఐదు యాప్‌లలో లోకమంతా ఏమంటోందో రోజూ విన్నాను, నువ్వు కాగితం మీద రాసింది మాత్రం పైపైన చూసి, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను.

సంతాప ప్రకటన కూడా నన్నే రాయమన్నారు. ఆ మనసుకు హత్తుకునే పద్ధతిలోనే రాయమన్నారు సార్. రాయలేదు. పదిహేడూ తేదీలతో అచ్చు వేయించి, మాస్టారి అర్జీతో కలిపి విచారణ ఆఫీసరు చేతికి ఇచ్చాను. సంతకం పెట్టిన కాగితం సంగతి వాళ్ళు గుర్తు చేశారు. చెయ్యవలసింది చేసుకోమన్నాను. దీనివల్ల ఏదో తేలిపోతుందని నేను అనుకోవడం లేదు.

ఇది చదువుతున్నప్పుడు నువ్వు గోడవైపే తిరిగి ఉన్నా సరే, చివరిదాకా చదువుతాను. క్షమించమని అడగను. నన్ను తిట్టు, పొమ్మను, ఇంకెప్పుడూ రావద్దను, ఏదైనా అను. విన్నట్టు ఒక్క ముక్క చెప్పు పెద్దమ్మా.

కబుర్లపోగు